చక్రాల మీద కాపురం

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ కాలంలో మోటారు ఇళ్ళు లేవు గనుక అక్కడితో ఆగారు. ఉండి ఉంటే, పాత మోటారు ఇల్లు కొని చూడు అని మూడో మాట కూడా తప్పక చేర్చేవారు. అందులో ఆ రెండు కష్టాలూ కలిసే ఉన్నాయి మరి! గోడలూ కప్పూ నీళ్ళూ దీపాలూ చూసుకోవడం ఇల్లు కట్టినట్టు. పూర్వచరిత్ర, పాత అప్పులు, చెప్పని రోగాలు విచారించడం పెళ్ళి సంబంధం చూసినట్టు.

మోటారు ఇల్లంటే మరేమీ కాదు. ఒక పెద్ద వ్యాను. దాని లోపలే పడకలు, పొయ్యి, నీళ్ళ తొట్టి, మరుగుదొడ్డి. పొద్దుగూకిన చోటే మన ఊరు. ఇదేదో దొరల వేడుక అనుకోనక్కర లేదు. మన తాతలు జాతరలకు గూడుబండి కట్టించుకుని, అందులో పరుపు పరిచి, బియ్యం మూట, కట్టెలు, పసిపిల్లలతో సహా బయలుదేరి, చెరువు గట్టున మూడు రాళ్ళ పొయ్యి వెలిగించినవారే. మా తెలంగాణ పల్లెల్లో సవారి కచ్చురం అనేవారు. ఎద్దుల బదులు ఇంజను వచ్చింది, అంతే.

తెలుగుదేశంలో అందరికీ తెలిసిన మోటారు ఇల్లు కూడా ఒక పాత బండే. 1982 మార్చి 29న పార్టీ పెట్టిన నందమూరి తారక రామారావుగారు రాష్ట్రం చుట్టి రావడానికి ఒక పాత షెవర్లే వ్యానును బాగుచేయించి, చైతన్య రథమని పేరు పెట్టుకున్నారు. కుమారుడు హరికృష్ణ దాన్ని నడిపారు. నిద్ర అందులోనే, భోజనం అందులోనే, ఉపన్యాసం దాని మీదనే. 1983 జనవరి 9న ఆయన ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసేనాటికి ఆ బండి తొక్కని రోడ్డు లేదని జనం చెప్పుకున్నారు. అయితే ఒక్క మాట. ఆయన వెంట బండి బాగోగులు చూసుకునేవాళ్ళు ఉన్నారు. దారిలో ఆగిపోతే తొయ్యడానికి ఊరు ఊరే కదిలి వచ్చేది. మనకు ఆ సౌకర్యం లేదు!

ఈ సంగతంతా ఎందుకు వచ్చిందంటే, తాండూరులో మా బావగారు కిందటి ఏడాది ఉద్యోగ విరమణ చేశారు. చేతికి కొంత డబ్బు వచ్చింది. అందులో సగం చిన్నకూతురి పెళ్ళికని మా అక్కయ్య విడిగా పెట్టించింది. మిగతా దాని మీద బావగారి చూపు పడింది. వారి అమ్మగారికి 78 ఏళ్ళు. మోకాళ్ళు వంగవు. గంటకొకసారి మరుగుదొడ్డి అవసరం. దారిలో ఎక్కడ ఆగాలో తెలియక, నోరు విడిచి అడగలేక, ఆవిడ నాలుగేళ్ళుగా గడప దాటలేదు. శ్రీశైలం ఒక్కసారి చూపించరా అన్నది ఆవిడ కోరిక. ఈలోగా సరిహద్దు అవతల కర్ణాటకలో ఒక పాత వ్యాను అమ్మకానికి ఉందని తెలిసింది. లోపల రెండు పడకలు, వంట గట్టు, మరుగుదొడ్డి. ధర పది లక్షలు.

"బామ్మర్దీ, అమ్మేటాయన మంచోడే ఉన్నడు. కాయితాలు నువ్వు చదువు, బండి నేను చూస్త" అన్నారు బావగారు.

"బావా, మనిషి మంచివాడైతే పిల్లనియ్యొచ్చు. బండికి మాత్రం కాయితమే మంచిది కావాలె" అన్నాను.

బండిని తాండూరుకు తెప్పించి రెండు రోజులు పరీక్ష చేశాం. ఆ రెండు రోజుల్లో తేలినవి, పాత మోటారు ఇల్లు కొనదలచిన ఏ కుటుంబానికైనా పనికివస్తాయి గనుక వరుసగా చెబుతాను.

మొదటిది, పుస్తకం. ఇప్పుడది కార్డు అయినా మన నోట పుస్తకమే. ఆర్.సి.లో ఉన్న బండీ, కళ్ళ ముందున్న బండీ ఒకటేనా? ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు అందరూ చూస్తారు. సీట్లు ఎవరూ లెక్కపెట్టరు. ఈ వ్యానుకు పుస్తకంలో 13 సీట్లు, లోపల చూస్తే 4. తక్కిన చోటంతా మంచాలూ అలమారలూ. అంటే మనుషులను మోసే బండిని ఎవరో వడ్రంగి చేత ఇల్లుగా మార్పించారు గాని, ఆ మార్పు పుస్తకానికి ఎక్కలేదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఇలాంటి మార్పులను ఒప్పుకోదు. తయారీదారు నిర్ణయించిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చడం చెల్లదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు కూడా చెప్పింది. మోటారు ఇళ్ళకు ఎ.ఐ.ఎస్. 124 అని ప్రత్యేక ప్రమాణం ఉంది. దాని ప్రకారం ఆమోదం పొంది, పుస్తకంలో కారవాన్ అనో క్యాంపర్ వ్యాన్ అనో రాసి ఉన్న బండి వేరు, ఇంటి వెనుక తయారైన బండి వేరు. ఏ ఇబ్బందీ రానంత కాలం రెండూ ఒకలాగే నడుస్తాయి. ప్రమాదం జరిగిన రోజున మాత్రం బీమా కంపెనీవారు పుస్తకం ఒక చేత్తో, బండి ఫొటో ఒక చేత్తో పట్టుకుని కూర్చుంటారు.

రెండోది, పొరుగు రాష్ట్రపు చవక. తాండూరు వారికి కర్ణాటక నాలుగడుగుల దూరం. అక్కడి బండి ధర తక్కువగా కనిపిస్తుంది. కాని దాన్ని ఇక్కడ మన పేరుకు మార్చాలంటే అక్కడి కార్యాలయం నుంచి 28వ నంబరు ఫారం మీద అభ్యంతరం లేదన్న పత్రం రావాలి. 29, 30 ఫారాల మీద సంతకాలు కావాలి. బండి మీద అప్పు ఉంటే అది తీరినట్టు 35వ ఫారం ఉండాలి. ఆపైన మన రాష్ట్రపు జీవితకాల పన్ను మళ్ళీ కట్టాలి. పేరు తర్వాత మార్చుకుందాం, ముందు నడుపుకోండి అని అమ్మేవారంటే, ఆ తీపి మాటకు లొంగకండి. చట్టం కంటికి పుస్తకంలో పేరున్నవాడే యజమాని. ఈ లెక్కలన్నీ వేశాకే అసలు ధర తెలుస్తుంది. కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అన్నట్టు కాకూడదు.

వయసు కూడా చూడాలి. సొంత వాడకపు బండికి రిజిస్ట్రేషను 15 ఏళ్ళు. ఆ తర్వాత పరీక్ష నెగ్గితే అయిదేసి ఏళ్ళు పొడిగిస్తారు. పన్నెండేళ్ళ బండి కొంటే మూడేళ్ళలో మళ్ళీ పరీక్ష రాయాలన్నమాట. పసుపు బోర్డు బండి అయితే దాన్ని సొంత వాడకానికి మార్పించుకునే తంటా అదనం.

మూడోది, బరువు. ఇది ఎవరికీ తోచదు. తాండూరులో నాపరాయి లారీలను, కందుల లారీలను తూచే ధరంకాంటాలు ఉన్నాయి. వ్యానును అక్కడికి తీసుకుపోయాం. లారీల మధ్య ఈ తెల్లటి ఇల్లును చూసి కాంటా మీద కుర్రవాడు నవ్వాడు గాని, చీటీ మాత్రం సరిగానే ఇచ్చాడు. పుస్తకంలో రాసిన గరిష్ఠ బరువుకూ, ఆ చీటీకీ మధ్య మిగిలింది 240 కిలోలు. అప్పటికి నీళ్ళ తొట్టి ఖాళీ. అది 150 లీటర్లది. లీటరు నీళ్ళంటే కిలో. తొట్టి నింపితే మిగిలేది 90 కిలోలు. ఇంట్లో మనుషులు అయిదుగురు. మా బావగారొక్కరే ఆ 90లో ముప్పాతిక వంతు! అందమైన అలమారలు, గ్రానైటు వంట గట్టు, ఉక్కు మంచాలు పెట్టించినవారు ఇరుసునూ బ్రేకులనూ అడగలేదు.

నాలుగోది, తడి. పాత ఇంటి శత్రువు చెద అయితే, పాత మోటారు ఇంటి శత్రువు చెమ్మ. కప్పు మీద కిటికీ కోసిన చోట, గాలి యంత్రం బిగించిన చోట, అతుకుల దగ్గర వాన నీరు దిగి లోపలి చెక్కను మెత్తబరుస్తుంది. పైన పటారం, లోన లొటారం. అలమారలు తెరిచి తల లోపల పెట్టి వాసన చూడండి. మూలల్లో బొటనవేలితో నొక్కి చూడండి. ఒక్కచోటే కొత్త రంగు ఉంటే, ఎందుకు వేశారో అడగండి. కప్పు మీద పది నిమిషాలు గొట్టంతో నీళ్ళు పట్టించండి. వానాకాలంలో కొనడం మేలు. ఆ పని వరుణదేవుడే ఉచితంగా చేసిపెడతాడు.

అయిదోది, విద్యుత్తు. రాత్రంతా ఏసీ బ్యాటరీ మీదనే నడుస్తుందని అమ్మేవారు చెప్పారు. తాండూరు ఎండలు ఎరిగిన వారికి ఆ మాట అమృతంలా ఉంటుంది. కాని లెక్క వేయండి. బ్యాటరీ 12 వోల్టులు, 150 ఆంపియర్ గంటలు. రెంటినీ గుణిస్తే 1800, అంటే 1.8 యూనిట్లు. ఒక టన్ను ఏసీ గంటకు సుమారు ఒక యూనిటు తింటుంది. ఇలాంటి ఆమ్ల బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే దాని ఆయుష్షు తరిగిపోతుంది. కనుక చల్లదనం ముప్పావు గంట, గంట. ఆ తర్వాత విసనకర్ర.

ఆరోది, గ్యాసు. వంటగ్యాసు గాలి కంటే బరువైనది. కారితే నేల మట్టాన చేరుతుంది. కనుక సిలిండరు పెట్టిన అర విడిగా ఉండి, అడుగున గాలి పోయే రంధ్రం ఉండాలి. ఈ బండిలో సిలిండరు పెద్దావిడ పడుకోవలసిన మంచం కిందనే ఉంది. అది చూసి మా అక్కయ్య ఏమీ అనలేదు. కిందికి దిగి వచ్చి అరుగు మీద కూర్చుంది.

ఏడోది, నడక. ఇంజను చల్లగా ఉన్నప్పుడే మీరు స్టార్టు చేయాలి. ముందే వేడి చేసి ఉంచితే, నీళ్ళలో బర్రెను బేరమాడినట్టే. నీలం పొగ వస్తే నూనె మండుతున్నదని, ఎంతకూ ఆగని తెల్ల పొగ వస్తే చల్లబరచే నీరు ఇంజనులోకి దిగుతున్నదని అనుమానించండి. టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 1417 అంటే 2017వ సంవత్సరం, 14వ వారం. ఏడాదిలో పదిరోజులు తిరిగే బండికి టైరు అరగదు, ముసలిదవుతుంది. గాడి లోతు చూసి మురిసిపోరాదు.

ఇక అసలు పరీక్షకు వికారాబాదు వచ్చి, అనంతగిరి ఎక్కించాం. మూసీ పుట్టిన ఆ కొండ మీదికి మామూలు కార్లు పాట పాడుకుంటూ ఎక్కుతాయి. మన ఇల్లు మాత్రం ఆయాసపడింది. పద్మనాభస్వామికి దణ్ణం పెట్టుకుని దిగేటప్పుడు, మూడో మలుపు దగ్గర బ్రేకుల వాసన వచ్చింది. బావగారు మాట్లాడలేదు. ఖాళీ తొట్టితో, ముగ్గురు మనుషులతో అనంతగిరి దిగలేని బండి, నిండు తొట్టితో, ముసలితల్లితో శ్రీశైలం ఘాటు ఎలా దిగుతుంది?

బండి వెనక్కి వెళ్ళిపోయింది. "ఎనిమిదికిస్త" అని అమ్మేవారు ఫోను చేశారు. "ఊరికె ఇచ్చినా వద్దన్నా" అని మా అక్కయ్యే జవాబు చెప్పింది.

అయితే పెద్దావిడ కోరిక మాటేమిటి? అది తీరకపోతే ఈ తెలివంతా దండగే గదా! ఆమోదం పొందిన కారవాన్లు అద్దెకు దొరుకుతున్నాయి. కేరళ ప్రభుత్వం 2021లోనే వీటి కోసం ఒక పర్యాటక విధానం ప్రకటించింది. మా బావగారు హైదరాబాదు నుంచి ఒకటి మూడు రోజులకు మాట్లాడారు. పెద్దావిడ పడుకునే ప్రయాణం చేసింది. ఎవరినీ ఆగమని అడగలేదు. శిఖరదర్శనం దగ్గర దిగి, కొడుకు భుజం పట్టుకుని నిలబడింది. నాలుగేళ్ళ తర్వాత ఆవిడ నోట నవ్వు విన్నామని అక్కయ్య చెప్పింది.

ఆ మూడు రోజులు ఇంకో సంగతి కూడా నేర్పాయి. మరుగుదొడ్డి పెట్టె ఎక్కడ ఖాళీ చేయాలి, రాత్రి ఎక్కడ ఆపితే భయం లేదు, ఆ పొడవు బండిని సందుల్లో ఎలా తిప్పాలి అన్నవి కొన్నాక తెలుసుకునే సంగతులు కావు. ఖర్చు లెక్క కూడా తేటపడింది. పది లక్షలు పెట్టి ఏడాదికి పదిహేను రోజులు వాడితే, తక్కిన మూడువందల యాభై రోజులూ ఆ ఇల్లు మన ఇంటి ముందు అతిథిలా కూర్చుని బీమా, బ్యాటరీ, టైర్లు భోంచేస్తుంది. కొనదలచినవారు ముందు అద్దెకు తీసుకుని మూడు రాత్రులు నిద్ర చేయండి. నాలుగో రోజున కూడా ఇల్లంతా కావాలంటేనే బేరానికి వెళ్ళండి.

బావగారు ఆశ వదులుకోలేదు. పుస్తకంలో కారవాన్ అని రాసి ఉన్న చిన్న బండి ఏదైనా దొరుకుతుందేమోనని ఇప్పటికీ విచారిస్తున్నారు. దొరికితే మంచిదే. ధరంకాంటా వారికి మేము పాత పరిచయమే గదా!