కానుకకు కొలత

కార్తికము దాటి మార్గశిరము వచ్చుసరికి అరకు లోయలో వలిసె పూల పసుపు ఇంకను చేలమీద నిలిచియుండును. కొండవాలున సిల్వరు ఓకు చెట్ల నీడలో కాఫీ పండ్లు ఎఱ్ఱబారును. ధాన్యము కళ్లములకు చేరును. ఏడాది పొడవునను చేతిలో కాసు ఆడని గిరిజన గృహస్థునకు నాలుగు రూపాయలు కంటబడు కాలమిదియే. క్రిస్మసు పండుగయు సరిగా ఈ కాలముననే వచ్చుచున్నది. పాడేరు, అరకు, చింతపల్లి బజారులలో కాగితపు నక్షత్రములు వ్రేలాడును. సంతలలో వర్తకులు రంగురంగుల ప్లాస్టికు బొమ్మలు కుప్పలు పోసికొని కూర్చుందురు. ఆ కుప్పల ముందు పిల్లలు, పిల్లల వెనుక తండ్రులు నిలిచియుందురు. ఆ తండ్రి ఎన్ని బొమ్మలు కొనవలెను? ప్రశ్న చిన్నదే. కాని గృహస్థుని అప్పు, పొరుగువాని గౌరవము, పిల్లవాని బుద్ధి అన్నియు అందులో ఇమిడి ఉన్నవి.

ఈ కొండలకు క్రిస్మసు కొత్త పండుగ కాదు. జర్మనీలోని బ్రెక్లుం గ్రామమునుండి లూథరను మిషనరీలు 1880 దశకములోనే తూర్పు కనుమల అంచున ఉన్న సాలూరునకు, పైన ఉన్న కోరాపుట్టునకు వచ్చి చేరిరి. నాటినుండి నేటివరకు అనేక గూడెములలో చిన్న చిన్న దేవాలయములు వెలసినవి. పండుగ రాత్రి పాటలు పాడుట, కలసి భోజనము చేయుట, పిల్లలకు కొత్త బట్టలు కుట్టించుట ఇచ్చటి ఆచారము. కానుకల రాశి మాత్రము ఈ మధ్య వచ్చినది. టెలివిజను, సెల్‌ఫోను చూపించిన క్రిస్మసు అది. చెట్టు క్రింద పెట్టెలమీద పెట్టెలు పేర్చిన ఆ బొమ్మ ఎవరి ఇంటిదో తెలియదు గాని, అట్లు లేని ఇంట పండుగయే లేదను భావమును మాత్రము అది పిల్లల మనస్సులలో నాటుచున్నది.

పండుగ మూలకథలో ఇట్టి రాశి లేదు. మత్తయి సువార్తలో తూర్పుదేశపు జ్ఞానులు శిశువునకు తెచ్చిన కానుకలు మూడు రకములు: బంగారము, సాంబ్రాణి, బోళము. జ్ఞానులు ఎందరో ఆ గ్రంథము చెప్పలేదు. కానుకలు మూడగుటచే జ్ఞానులును ముగ్గురే అని లోకము అనుకొన్నది. ఆ శిశువు తల్లిదండ్రులు బీదవారు. గొఱ్ఱెపిల్లను అర్పింపలేని బీదలు పక్షుల జంటను అర్పించుట యూదుల ధర్మశాస్త్రములోని సడలింపు. వారును అట్లే చేసిరని లూకా సువార్త వలన తెలియుచున్నది. తరువాత నాలుగవ శతాబ్దమున, నేటి తుర్కీ దేశములోని మైరా పట్టణమున నికొలాసు అను బిషపు ఉండెను. ఒక బీద తండ్రి తన ముగ్గురు కుమార్తెలకు పెండ్లి చేయలేక క్రుంగుచుండగా, ఆయన రాత్రివేళ ఎవరికిని తెలియకుండ ఆ ఇంట బంగారము విడిచిపోయెనని కథ. నేటి క్రిస్మసు తాత ఆయన ఛాయయే. ఆయన ఇచ్చినది అవసరమైనది, ఇచ్చినట్లు చాటుకొననిది. ఈ రెండు గుణములను విడిచి, ఎఱ్ఱ కోటును, బరువైన మూటను మాత్రమే మనము నిలుపుకొంటిమి.

పిల్లలను కానుకలతో ముంచెత్తు ఆచారము పాశ్చాత్య నగరములలో పందొమ్మిదవ శతాబ్దమున యంత్రశాలలతోను, పెద్ద దుకాణములతోను కలసి పెరిగినది. దానికి ఎదురు చెప్పినవారును అచ్చటనే పుట్టిరి. 1912లో న్యూయార్కులో ఎలినార్ బెల్మాంటు, ఆన్ మోర్గన్ అను వనితలు పనికిరాని కానుకల నివారణకై ఒక సంఘము స్థాపించిరి. దుకాణములలో పనిచేయు బీద బాలికలు తమ స్వల్ప జీతమునుండి పైవారికి పండుగ కానుకలు ఈయవలసి వచ్చుట చూచి వారు ఈ పనికి పూనిరి. మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్టు సైతము అందు చేరెను. కాబట్టి కానుకలకు పరిమితి ఉండవలెననుట పిసినారుల మాట కాదు. బీదవారి పక్షమున పుట్టిన మాట.

ఈ మాట మన్యమునకు మరింత వర్తించును. పండుగకో, పెండ్లికో చేసిన కొద్దిపాటి అప్పునకై మనిషి తన శరీరమునే కుదువబెట్టి షావుకారు ఇంట ఏండ్ల తరబడి చాకిరి చేసిన గొత్తి పద్ధతి ఈ కొండలలోనే ఉండెను. అప్పు తీరక తండ్రి తరువాత కొడుకు అదే కాడి మోసిన ఇండ్లు ఉండెను. ఏజెన్సీ ప్రాంతములలో వడ్డీని, భూముల బదలాయింపును కట్టడి చేయుటకు 1917లో ఒక చట్టము వచ్చినది. అప్పు బానిసత్వమును నిర్మూలించుటకు 1940లో మద్రాసు ప్రభుత్వము ప్రత్యేక రెగ్యులేషను చేసినది. దేశమంతటికిని వెట్టి నిర్మూలన చట్టము 1976లో వచ్చినది. ఇన్ని చట్టములు అవసరమైన నేలమీద, పండుగపేర చేయు అప్పును చిన్న విషయముగా చూడరాదు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అటవీ ఫలసాయమునకు న్యాయమైన ధర ఇప్పించుటకు పుట్టినది. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. అట్లు కష్టించి సంపాదించిన రూపాయి, సంక్రాంతి నాటికి విరిగిపోవు బొమ్మకై వచ్చిన త్రోవనే తిరిగిపోయినచో గృహస్థునకు మిగులునదేమి?

ఇచ్చట ఒక ఆక్షేపణ వచ్చును. దానిని తేలికగా త్రోసివేయుట న్యాయము కాదు. ఆశ్రమ పాఠశాలలో ఒక పలక, ఒక దుప్పటితో చదివి నేడు ఉపాధ్యాయుడైన గిరిజన యువకుడు ఉన్నాడు. “నేను పడిన లేమి నా బిడ్డ పడరాదు. ఏడాదికొక్క పండుగనాడు పది వస్తువులు కొనిపెట్టిన తప్పేమి?” అని అతడు అడుగును. ఆ ప్రశ్నలో ఉన్నది డాంబికము కాదు, పాత గాయము. దానిని గౌరవింపవలెను. కాని అతడు తన బిడ్డకు ఈయదలచినది తనకు నాడు దొరకని నిబ్బరము. అది పదవ బొమ్మలో దొరకదు. పైగా ఇరువది ఇండ్ల గూడెములో ఒక ఇంటి గోడ మరొక ఇంటికి ఏమియు దాచదు. పొరుగు పిల్లవాడు గుమ్మమున నిలిచి ఆ పది బొమ్మలను చూచును. ఇంటికిపోయి తండ్రిని అడుగును. కూలిపని చేయు ఆ తండ్రి ఆ సాయంకాలమే అంగడివాని ఖాతాకు తల ఒగ్గును. ఒక ఇంటి ధారాళము మరొక ఇంట అప్పుగా మారుట ఇట్లే.

పిల్లవాని మేలు చూచినను నిర్ణయము వేరుగా రాదు. అమెరికాలోని టొలీడో విశ్వవిద్యాలయ పరిశోధకులు 36 మంది పసిపిల్లలను పరిశీలించి 2018లో ఒక నివేదిక ప్రకటించిరి. పిల్లల ముందు ఒకమారు 4 బొమ్మలు, ఇంకొకమారు 16 బొమ్మలు ఉంచి చూచిరి. తక్కువ బొమ్మలున్నప్పుడు పిల్లలు ఒక్కొక్క బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ విధములుగా ఆడుకొనిరి. ఇది చిన్న పరిశోధనయే. దీనినిబట్టి సర్వలోకమునకు సూత్రము కట్టరాదు. అయినను తరగతిలో ఒక్క బొంగరముతో మధ్యాహ్నమంతయు గడిపిన బాలుని చూచిన ఉపాధ్యాయునకు దీనియందు ఆశ్చర్యమేమియు కనబడదు.

కొలత అను భావము ఈ కొండలకు పరాయిది కాదు. కొర్ర కొత్త, చిక్కుడు కొత్త, మామిడి కొత్త అని గిరిజనులు చేసికొను పండుగల అర్థమేమి? పంట చేతికి వచ్చినంతమాత్రమున ఎవరి ఇంట వారు తినివేయరాదు. ఊరంతయు కలసి దేవతకు నివేదించిన పిమ్మటనే కొత్త ముట్టవలెను. చైత్రమాసపు ఇటుకల పండుగలో వేటకు పోయినవారు తెచ్చినది పంచుకొందురు. ఎవరికెంత దొరకినదను లెక్క కంటె, అందరికిని దొరకినదా అను లెక్క ఇచ్చట పెద్దది. క్రైస్తవ కుటుంబములు మతము మారినను ఈ పంపకపు నీతిని వదలుకొననక్కరలేదు. వారి గ్రంథమును అదియే చెప్పుచున్నది.

అయితే ఈ కొలత ఎవరికి చెప్పవలెను? పండుగకు ఒక్క గౌను మాత్రమే కుట్టించుకొన్న బాలికకు మితమును బోధించుట క్రూరత్వము. ఆమెకు బీదరికమే పరిమితి విధించినది. కొలత చెప్పవలసినది నెలజీతము వచ్చు ఇండ్లకు. అంతకంటె ముఖ్యముగా, డిసెంబరు నెలలో కార్లలో ఘాటురోడ్డు ఎక్కివచ్చి, పిల్లలను వరుసగా నిలిపి, మిఠాయిలు పంచి, ఛాయాచిత్రములు తీసికొని దిగిపోవు పట్టణవాసులకు. ఈయవలెనను మనస్సు మంచిదే. కాని చేయి చాచి నిలిచిన బాలుని ఛాయాచిత్రము అతని ఆత్మగౌరవమునుండి కోసిన ముక్క. వారు మొదట ప్రధానోపాధ్యాయుని అడిగి, కావలసినది కంబళ్లా, చెప్పులా, గ్రంథాలయమునకు పుస్తకములా అని తెలిసికొని, పాఠశాలకు అప్పగించి పోవుట మేలు. నికొలాసు బిషపు మార్గము అదియే.

ఇంటికి వచ్చినచో మూడు కానుకల కట్టుబాటు సులభమైనది, కథకును తగినది. మొదటిది ఒంటికి పనికివచ్చునది: లంబసింగి, చింతపల్లి చలికి ఒక ఉన్ని చొక్కా. రెండవది మనస్సునకు పనికివచ్చునది: ఒక పుస్తకమో, ఒక మంచి బొమ్మయో. బొమ్మయే కావలసినచో దూరము పోనక్కరలేదు. కొండల దిగువన వరాహనది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కఱ్ఱను చెక్కి, చెట్లు చేమల రంగులు కలిపిన లక్కపూసి చేయు బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. అవి పసివాడు నోట పెట్టుకొన్నను భయపడనక్కరలేనివని పేరు పొందినవి. మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది: పిల్లవాడు తన చేతులతో మరొకరికి ఇచ్చునది. తాతలు, మేనమామలు, పినతల్లులు వేరువేరుగా కొనక, కలసి ఈ మూడింటిలోనే పాలు పంచుకొనవచ్చును.

పాఠశాలలో ఈ పని మరింత తేలిక. చీట్లు వేసి “క్రిస్మసు ఫ్రెండు”ను ఎంచుకొను ఆట అనేక బడులలో ఉన్నది. పది రూపాయల పెన్ను తెచ్చిన బాలుడు, వందల రూపాయల పెట్టె తెచ్చిన బాలుని ప్రక్కన తల వంచుకొని నిలుచుట ఏ ఉపాధ్యాయుడు చూడలేదు? ముందుగానే ధరకు ఒక హద్దు పెట్టుట, లేదా చేతితో చేసినది మాత్రమే ఈయవలెనని నియమించుట ఉపాధ్యాయుని చేతిలో ఉన్న పని. వెదురు పిల్లనగ్రోవి, అల్లిన బుట్ట, మిత్రునకు వ్రాసిన ఉత్తరము: వీనికి అంగడిలో ధర లేదు, కాబట్టి వీని ముందు ఎవ్వరును బీదవారు కారు.

పండుగ మరునాడు సంతలో కొన్న బొమ్మ విరిగిన, పిల్లవాడు ఒక పూట ఏడ్చును. అప్పు విరుగదు. దానికై తల్లి మరుసటి కాఫీ కాపు వరకు కూలికి పోవలసియుండును. ఈ లెక్కను పిల్లలకు నెమ్మదిగా, నొప్పింపక, పండుగకు ముందే చెప్పగలవారు తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు. ఈ డిసెంబరులోనైనను వారు దీనిని గూర్చి యోచింతురు గాక.