మీ పేరుతో తెరుచుకునే కంప్యూటర్



కరోనా రోజుల్లో ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్న డెస్క్‌టాప్ మన వైపు చాలా ఇళ్లలో ఇంకా పనిచేస్తోంది. పగలు నాన్నగారు అందులోనే షాపు లెక్కలు, జీఎస్టీ చూసుకుంటారు. సాయంత్రం పిల్లలు ప్రాజెక్టు వర్క్ చేసుకుంటారు. బటన్ నొక్కితే చాలు, పాస్‌వర్డ్ అడగకుండా నేరుగా తెరుచుకుంటుంది. "ఇంట్లో వాళ్లమే కదా, తాళం ఎందుకు?" అని చాలామంది పేరెంట్స్ అంటారు. నా అభిప్రాయం వేరు.

కుర్చీలో కూర్చున్నది ఎవరో ఆ కంప్యూటర్‌కు తెలియదు. ఏడో తరగతి పిల్లవాడు కూర్చున్నా దాని లెక్కలో అది మీరే. మీ జీమెయిల్, బ్రౌజర్‌లో సేవ్ చేసిన మీ పాస్‌వర్డ్‌లు అన్నీ తెరిచే ఉంటాయి. ఏదో వెబ్‌సైట్ "ఒప్పుకుంటున్నారా?" అని అడిగితే పిల్లవాడు నొక్కుతాడు, ఒప్పుకున్నది మాత్రం మీరవుతారు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండని వారందరినీ పిల్లలుగానే చూస్తుంది. వారి వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. కానీ పిల్లవాడు మీ పేరుతోనే లోపలికి వెళితే ఆ రక్షణ అతనికి ఎలా అందుతుంది?

సరిచేయడం పెద్ద పని కాదు. విండోస్ 10, 11లో ఇలా చూడండి.

ముందుగా మీ అకౌంట్‌కు అసలు పాస్‌వర్డ్ ఉందా? లేకపోతే కంప్యూటర్ అడగదు. సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో సైన్-ఇన్ ఆప్షన్స్‌కు వెళ్లి పాస్‌వర్డ్ పెట్టండి. దాన్ని కాగితం మీద రాసి బీరువాలో దాచండి, మానిటర్‌కు అతికించకండి.

పాస్‌వర్డ్ ఉన్నా అడగడం లేదా? విండోస్ కీ, ఆర్ కీ కలిపి నొక్కండి. వచ్చిన గడిలో ఎన్, ఈ, టీ, పీ, ఎల్, డబ్ల్యూ, ఐ, జెడ్ అని ఇంగ్లిష్ అక్షరాలు వరుసగా టైప్ చేసి ఎంటర్ నొక్కండి. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ తప్పనిసరి అనే లైన్ పైన కనిపిస్తుంది. దానికి టిక్ పెట్టి, అప్లై నొక్కి, రీస్టార్ట్ చేయండి. ఆ లైన్ కనిపించకపోతే, సైన్-ఇన్ ఆప్షన్స్‌లో విండోస్ హలో మాత్రమే అనుమతించే స్విచ్ ఆఫ్ చేసి మళ్లీ చూడండి.

స్లీప్ నుంచి లేచినప్పుడు మాత్రమే అడగడం లేదంటే, అదే పేజీలో మళ్లీ సైన్-ఇన్ ఎప్పుడు అడగాలి అనే చోట "నెవర్" ఉందేమో చూసి మార్చండి. మధ్యలో లేచి వెళ్లేటప్పుడు విండోస్ కీ, ఎల్ కీ కలిపి నొక్కితే లాక్ పడుతుంది.

ఆ తర్వాత అసలు ముఖ్యమైన పని: పిల్లలకు వేరే అకౌంట్ ఇవ్వండి. అది అడ్మినిస్ట్రేటర్‌గా కాకుండా స్టాండర్డ్ యూజర్‌గా ఉండాలి. అప్పుడు మీ ఫైళ్లు వాళ్ల చేతిలో పొరపాటున చెరిగిపోయే అవకాశం తగ్గుతుంది. మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీ సేఫ్టీతో ఎంతసేపు వాడాలో మీరే నిర్ణయించవచ్చు. పిల్లలకు సొంత అకౌంట్ లేకపోతే ఈ సదుపాయం పనికిరాదు.

ఇది పిల్లల మీద అనుమానం కాదు. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని, పాస్‌వర్డ్ పంచుకోవద్దని మేం క్లాసులో చెబుతాం. ఇంటికి వెళ్లేసరికి ఎవరు నొక్కినా తెరుచుకునే కంప్యూటర్ కనిపిస్తే, మా మాట మార్కాపురం పలక మీద రాత లాగే ఒక్క తుడుపుతో పోతుంది. "ఇది నాన్నది, ఇది నీది" అని రెండు పేర్లు స్క్రీన్ మీద కనిపిస్తే పిల్లలకు ఎదుటివారి వస్తువుపై గౌరవం, తమదానిపై బాధ్యత రెండూ అలవడతాయి.

ఈ ఆదివారం పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని ఈ పని చేయండి. వాళ్ల అకౌంట్‌కు పేరు వాళ్లనే పెట్టుకోనివ్వండి.

– మీ పిల్లల ఇంగ్లిష్ టీచర్