సూదిమందు సరే, వంశం మాటేమిటి?

ఏటా జూలై 10న దేశమంతటా జాతీయ మత్స్య రైతుల దినోత్సవం జరుగుతుంది. 1957లో అదే రోజున ఒడిశాలో హీరాలాల్ చౌధురి, ఆయన సహచరులు సాధించిన విజయానికి అది గుర్తు. సన్మానాలకూ ప్రసంగాలకూ లోటుండదు. ఆ విజయం ప్రభుత్వాల మీద మోపిన బాధ్యత మాత్రం ఆ వేదికలపై అరుదుగా వినిపిస్తుంది.

బొచ్చె, శీలావతి, మోసు చేపలు చెరువుల్లో పెరుగుతాయి. కడుపున గుడ్లూ సిద్ధమవుతాయి. కానీ వానాకాలపు నదీ ప్రవాహం లేనిదే వాటిని విడవవు. అందువల్లనే పూర్వం రైతులు నదుల్లో వలపన్ని పట్టిన పిల్లల మీద ఆధారపడేవారు. అందులో ఏ జాతి పాలు ఎంతో తెలిసేది కాదు. చౌధురి బృందం వేరొక చేప తలలోని పీయూష గ్రంథి సారాన్ని తల్లిచేపకు సూదితో ఎక్కించింది. వరద చేయవలసిన పనిని హార్మోను చేసింది. గంటల వ్యవధిలో గుడ్లు విడుదలయ్యాయి. తరువాత వచ్చిన కృత్రిమ హార్మోన్లు ఆ పనిని మరింత సులువు చేశాయి. నేడు కొల్లేరు ప్రాంతపు చెరువుల చేప బెంగాల్, అస్సాం మార్కెట్లకు చేరుతున్నదంటే దాని వెనుక ఈ పద్ధతి ఉంది.

అయితే సూదిమందు గుడ్లను ఇస్తుంది గాని వంశాన్ని కాపాడదు. కొద్దిపాటి తల్లిచేపలనే ఏళ్ల తరబడి వాడితే దగ్గరి రక్తసంబంధాల సంతానం పెరిగి ఎదుగుదల కుంటుపడుతుంది. వేర్వేరు జాతులను ఒకే తొట్టిలో కలిపితే సంకర పిల్లలు పుడతాయి. వేలెడంత పిల్లను చూసి దాని పుట్టుకను రైతు గుర్తించలేడు. తేడా తెలిసేసరికి మేత ఖర్చూ, చెరువు కౌలూ నీళ్లపాలవుతాయి.

ఇది రాజ్యాంగపరమైన చిక్కు కూడా. మత్స్య పరిశ్రమ రాష్ట్రాల జాబితాలో ఉంది; చేపపిల్లలు మాత్రం రాష్ట్రాల ఎల్లలు దాటుతాయి. 1966 నాటి కేంద్ర విత్తన చట్టం పంటల కోసం చేసినది. ఆంధ్రప్రదేశ్ 2006లో ఆక్వా విత్తన నాణ్యతకు సొంత చట్టం చేసుకున్నది. కానీ ఒక రాష్ట్రపు చట్టం పొరుగు రాష్ట్రపు హేచరీ గడప తొక్కలేదు. 2020లో 20,050 కోట్ల రూపాయల అంచనాతో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో తల్లిచేపల బ్యాంకులకూ చోటున్నది. బ్యాంకు కట్టడం వేరు, అమ్మే ప్రతి పిల్లకూ వంశావళి నమోదును తప్పనిసరి చేయడం వేరు.

భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ నార్వే సహకారంతో రూపొందించిన మేలుజాతి ‘జయంతి’ శీలావతికి మూలం గంగ, యమున, బ్రహ్మపుత్ర వంటి నదుల నుంచి తెచ్చిన చేపలే. బంగ్లాదేశ్‌లోనూ హేచరీలు కొల్లలు. అయినా చేపలు సహజంగా గుడ్లుపెట్టే హల్దా నదిని ఆ దేశం 2020లో మత్స్య వారసత్వంగా ప్రకటించింది. అక్కడి జనం నేటికీ ఆ నదిలో గుడ్లు సేకరించి పొదిగిస్తారు.

భారతదేశం చేయవలసినవి రెండు. కేంద్రం, రాష్ట్రాలు కూర్చుని దేశమంతటికీ వర్తించే చేపవిత్తన ప్రమాణాన్ని చట్టబద్ధం చేయాలి. చేపలు ఈనే నదీభాగాలను ఆనకట్టల నుంచీ ఇసుక తవ్వకాల నుంచీ కాపాడాలి. నదిలోని మూలవంశం అంతరిస్తే దాన్ని తిరిగి తెచ్చే హార్మోను ఏ ప్రయోగశాలలోనూ దొరకదు.