గతితర్కానికి జంధ్యం వేయకండి (భాగం 9)

మిత్రులారా, పోయిన భాగం చదివి హాస్టల్లో ఉండే ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, నేను ఫిజిక్స్ చదువుతున్నా. రాజకీయ తరగతిలో గతితర్కమే అన్ని సైన్సులకూ తల్లి అన్నారు. మా సిలబస్‌లో ఆ తల్లి ఎక్కడా కనపడలేదని అడిగితే, నీది బూర్జువా చదువు అని కూర్చోబెట్టారు. తప్పెవరిది?"

తమ్ముడూ, అడగడం తప్పు కాదు. కూర్చోబెట్టడమే తప్పు. ఇవాళ్టి భాగం నీ కోసమే.

ముందు ప్రతి తరగతిలోనూ చెప్పే నీళ్ల ఉదాహరణ తీసుకుందాం. నీళ్లు వేడెక్కుతూ వేడెక్కుతూ 100 డిగ్రీల దగ్గర ఆవిరవుతాయి, పరిమాణం గుణంగా మారుతుంది అంటారు. బాగానే ఉంది. మరి కుక్కర్లో అవే నీళ్లు 120 డిగ్రీల దాకా ఎందుకు వెళ్తాయి? గతితర్కం చెప్పదు. పీడనం గురించి తెలిసిన ఫిజిక్స్ చెబుతుంది. మార్పు ఒక్కసారిగా దూకవచ్చు, జాగ్రత్తగా చూడు అని హెచ్చరించడం వరకే గతితర్కం పని. ఎక్కడ దూకుతుంది, ఎందుకు దూకుతుంది అన్నది కొలిచి చూడాల్సిందే. కొలవకుండా చెప్పేదాన్ని మనూళ్లో జాతకం అంటారు.

ఈ మాట ఎంగెల్స్‌కి తెలుసు. శక్తి నిత్యత్వం, జీవకణం, డార్విన్ పరిణామం, తన కాలంలో వచ్చిన ప్రతి సైన్సునీ విద్యార్థిలా కూర్చుని చదివాడాయన. సైన్సులో పెద్ద ఆవిష్కరణ వచ్చినప్పుడల్లా భౌతికవాదం తన రూపం మార్చుకోక తప్పదని 1886లోనే రాశాడు. 'ప్రకృతి గతితర్కం' ఆయన పూర్తి చేయని రాతప్రతి. 1895లో ఆయన పోయిన ముప్పై ఏళ్లకు, 1925లో మాస్కోలో అచ్చయింది. అంతకు ముందు ఏడాది అందులో కొంత భాగాన్ని ఐన్‌స్టీన్‌కి చూపిస్తే, ఫిజిక్స్‌కి ఇందులో కొత్తగా ఒరిగేదేమీ లేదుగానీ ఎంగెల్స్ ఆలోచనను అర్థం చేసుకోవడానికి పనికొస్తుంది, అచ్చేయండి అన్నాడు. అందులో అవమానం ఏముంది? రాసినాయన దాన్ని నోట్సు అనుకున్నాడు. తర్వాత వచ్చినవాళ్లు వేదం చేశారు.

వేదం చేస్తే ఏమవుతుందో సోవియట్ చరిత్రే చెబుతుంది. నికొలాయ్ వావిలోవ్ ప్రపంచమంతా తిరిగి పంటల విత్తనాలు సేకరించిన శాస్త్రవేత్త. ఆకలి లేని లోకం కోసం పని చేసినవాడు. ఆయనకు ఎదురుగా లైసెంకో వచ్చాడు. మెండెల్ జన్యుశాస్త్రం బూర్జువా భావవాదమన్నాడు. పరిసరాలు మారిస్తే మొక్క గుణం మారుతుంది, ఆ మార్పు తర్వాతి తరానికి పోతుంది అన్నాడు. ప్రయోగంలో నిలబడనిదాన్ని గతితర్కం పేరు చెప్పి నిలబెట్టాడు. 1940లో వావిలోవ్‌ను అరెస్టు చేశారు. 1943లో సరాతోవ్ జైల్లో ఆకలితో చనిపోయాడు. 1948 ఆగస్టులో వ్యవసాయ అకాడమీ సమావేశంలో, పార్టీ కేంద్ర కమిటీ ఆమోదంతో, జన్యుశాస్త్రాన్నే వెలివేశారు. లైసెంకో పదవి దిగడానికి 1965 దాకా పట్టింది.

వెలి అనే మాట కావాలనే వాడాను. ఒక గ్రంథం, దానికి అర్థం చెప్పే అధికారం కొందరికే, ప్రశ్నించినవాడు భ్రష్టుడు. ఈ ఏర్పాటు మనకు కొత్తా? మూడు వేల ఏళ్లుగా ఇదే కదా మన మీద కూర్చున్నది!

ఇక్కడ కొందరు సంబరపడతారు, చూశారా, మార్క్సిజమే సైన్సుకు శత్రువు అని. ఆగండి. అదే రోజుల్లో అమెరికాలో జన్యుశాస్త్రం పేరు చెప్పి పేదలకూ నల్లవాళ్లకూ బలవంతంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేశారు. 1907లో ఇండియానా రాష్ట్రం దానికి చట్టమే చేసింది. ప్రయోగశాలలోకి వర్గం, జాతి, కులం చెప్పులు విడిచి రావు. సైన్సు ఎవరి చేతిలో ఉంది అని అడగడం మార్క్సిజం నేర్పిన సరైన ప్రశ్న. ప్రశ్న మనది కావచ్చు, జవాబు మాత్రం సాక్ష్యం నుంచి రావాలి. లైసెంకో ప్రశ్నతోనే తీర్పు ఇచ్చేశాడు. రిచర్డ్ లెవొంటిన్ కూడా మార్క్సిస్టే. ఆయన రక్తంలోని ప్రొటీన్లను లెక్కగట్టి, మనుషుల మధ్య జన్యు తేడాల్లో సుమారు 85 శాతం ఒకే జనసమూహం లోపలే ఉన్నాయని 1972లో చూపించాడు. జాతివాదుల కాళ్ల కింద నేల కదిలింది. నినాదంతో కాదు, లెక్కతో.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. ఆ రోజు మాస్కోలో వెలివేసిన జన్యుశాస్త్రమే ఇవాళ కులం గురించి సాక్ష్యం చెబుతోంది. హైదరాబాద్ సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి 2013లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఈ దేశంలో రెండు పూర్వీక జనాలు సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి దాకా విస్తారంగా కలిశాయి. దాదాపు అన్ని సమూహాల్లోనూ ఆ కలయిక ఉంది. ఆ తర్వాత తలుపులు మూసుకున్నాయి. అంటే స్వచ్ఛమైన రక్తం ఎవరికీ లేదు. పుట్టుకతో వచ్చిన గీత కాదది, మనుషులు పెళ్లి దగ్గర గీసిన గీత.

1916లో కొలంబియాలో పాతికేళ్ల అంబేడ్కర్ ఏం చెప్పాడు? కులానికి కీలకం సొంత కులంలోనే పెళ్లి అనే కట్టడి అని. 1936లో మళ్లీ రాశాడు, కులానికి జాతి పునాది లేదని. ఆయన చేతిలో డీఎన్ఏ యంత్రం లేదు. చూడదలచుకున్న కళ్లు ఉన్నాయి.

కామ్రేడ్స్, ఇక్కడ మీకు నా సూటి ప్రశ్న. కులం ఉపరితలం, పునాది మారితే అదే పోతుంది అని దశాబ్దాలు చెప్పారు. ఒక పెళ్లి కట్టడి తరతరాల శరీరాల్లో జన్యువుల పంపకాన్నే మార్చేసిందని సైన్సు చెబుతుంటే, దాన్ని ఉపరితలం అని ఎట్లా అంటారు? భావం భౌతికశక్తిగా మారడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ ఎక్కడుంది? గతితర్కం నిజంగా చదివినవాడు మొదట పట్టుకోవాల్సిన వైరుధ్యం ఇది. పక్క వాడలో ఉన్నది వదిలేసి కెటిల్లో నీళ్ల దగ్గర ఆగిపోయారు.

నేను గతితర్కాన్ని పారేయమనడం లేదు. ఏదీ శాశ్వతం కాదు, ప్రతిదీ మారుతుంది అన్న మాట మనకు ఊపిరి. బుద్ధుడు అనిత్యమన్నదీ ఆ దారిలోనిదే. అంబేడ్కర్ మార్క్స్‌ని అట్లాగే చదివాడు. నిలబడనివి పక్కన పెట్టాడు, నిలబడినవి ఉంచుకున్నాడు. అదీ శాస్త్రీయ పద్ధతంటే. అన్నీ మారతాయి, నా సూత్రం తప్ప అనేవాడు గతితార్కికుడు కాదు, పురోహితుడు.

తమ్ముడూ, రేపు తరగతికి వెళ్లు. మళ్లీ చెయ్యెత్తు. ఏ సాక్ష్యం దొరికితే మీ మాట తప్పని ఒప్పుకుంటారు అని అడుగు. జవాబు చెప్పినవాడితో కలిసి నడువు. కూర్చోమన్నవాడి దగ్గర లేచి నిలబడు.

వచ్చే భాగంలో: మనిషిని చెయ్యి తయారు చేసిందన్నాడు ఎంగెల్స్. మరి లందలో తంగేడు చెక్కతో తోలును శుద్ధి చేసిన మా తాతల చేతిని కెమిస్ట్రీ ఎందుకు లెక్కలోకి తీసుకోలేదు?

జై భీమ్.