కొత్త కాపురం, రాత్రిపాళీ

1956 దాక నాందేడ్, నిజామాబాద్ ఒక్క హైదరాబాద్ రాష్ట్రంలనే ఉండె. గీత మధ్యల పడ్డా మన నాయ్‌గావ్ దిక్కు పిల్లనిచ్చుడు, తెచ్చుకునుడు ఆగలేదు. కొత్త పిల్ల వస్తది. ఇంట్ల తెలుగు, బజార్ల మరాఠీ, మొగడేమో రాత్రిపాళీ.

మిల్లు కాపురంల మొదటి లొల్లి ప్రేమ లేక రాదు, నిద్ర లేక వస్తది. పొద్దున వచ్చిన మనిషి పండుకోవాలె. అప్పుడే నల్లా వస్తది, గిన్నెలు చప్పుడైతయి. రూము ఒక్కటే. ఆయనకు కోపం, ఆమెకు ఏడుపు. తప్పు ఇద్దరిదీ కాదు, పాళీది. పాళీ మారేది ముందే చెప్పుకోవాలె. నిద్ర లేచినంక కొంచెంసేపన్న ముచ్చట పెట్టుకోవాలె.

రెండో లొల్లి పగారు. కిరాయికెంత, ఊర్ల అమ్మానాయినకెంత అని పగారు రోజే ఇద్దరు కూసోని లెక్క వెయ్యాలె. ఆమె బీడీలు చుట్టిన పైసలు ఆమె చేతిలనే ఉండాలె.

చిన్న మాటకే తల్లిగారింటికి ఫోన్ చెయ్యకు బిడ్డా. మీరు రాత్రికి కలిసిపోతరు, అమ్మకు నెలరోజులు నిద్ర పట్టదు.

కాని చెయ్యి లేసినా, కట్నం మాట వచ్చినా అది సర్దుకునే లొల్లి కాదు. దాయకు, అమ్మకు చెప్పు. కట్నం అడుగుడు 1961 చట్టంతోటి నేరం. 2005 చట్టం ఇంట్ల కొట్టుడు, తిట్టుడు నుంచి రక్షణ ఇస్తది. 181కి ఫోన్ చెయ్యొచ్చు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థల ఆడోళ్లకు వకీలు ఉచితం, ఆదాయం ఎంతున్నా సరే.

పెద్దమనుషులారా, "సర్దుకో బిడ్డా" అనే ముందు ఏం జరిగిందో అడుగుండ్రి.