పట్టికకెక్కని పాత కట్టడములు

ప్రాచీన కట్టడము లనగానే మనవారికి హంపీయో, గోలకొండయో, ఓరుగల్లు కోటయో తలపునకు వచ్చును. మన బోగోలు చుట్టుపట్ల నట్టివి యేమున్నవని యడిగినచో పెద్దలు సైతము పెదవి విఱతురు. వారి మాట సరికాదని మా యభిప్రాయము. మన ప్రాంతమున పాతవి లేకపోలేదు. వానిని పాతవని గుర్తించి పేరు వ్రాసి పెట్టినవారు లేరు, లోటెల్ల నదియే.

ఈ విషయమున దూరదేశపు దృష్టాంత మొకటి చూపుదుము. 1840వ సంవత్సరమున శామ్యూల్ డే దొరవారు నెల్లూరు చేరినది మొదలు అమెరికా పేరు మన జిల్లావారికి క్రొత్త కాదు. ఆ దేశపు నడుమ, అయోవా రాష్ట్రమున, మాడిసన్ కౌంటీ యను మొక్కజొన్న పొలముల సీమ యొకటి కలదు. అచట రాజులు లేరు, కోటలు లేవు. వాగుల మీద కప్పుగల కఱ్ఱవంతెనలు మాత్రము 19 ఉండెడివి. ఎండకు వానకు వంతెన నేల చివికిపోకుండుటకై దానికి గోడలును పైకప్పును అమర్చిరి. తఱచుగ సమీపమున కాపురమున్నవాని పేరే వంతెనకు పేరాయెను. నేడు ఆఱు మాత్రమే మిగిలినవి. వానిలో సీడర్ వంతెనను 2002లో దుండగులు కాల్చివేయగా ఊరివారు మరల కట్టుకొనిరి. 2017లో తిరిగి కాల్చిరి. 2019 నాటికి మరల కట్టిరి. రైతుబండ్లు దాటిన కఱ్ఱవంతెనకై యింత పట్టుదలయా యని మనకు నవ్వు రావచ్చును. ఆ నవ్వును కొంతసేపు నిలిపియుంచ వేడుచున్నాము.

1966లో ఆ దేశపు ప్రభుత్వము శాసనముచే చారిత్రక స్థలముల జాతీయ రిజిస్టరు నేర్పఱచెను. అందిప్పుడు 90,000కు పైగా నమోదులు గలవు. పల్లెసీమల కౌంటీల జాబితా తిరుగవేసినచో కనుపించున వేవి? ఒంటిగది బడి, ధాన్యపు కొట్టము, రైలుస్టేషను, చిన్న ప్రార్థనాలయము, కచేరి, వంతెన. సాధారణముగ 50 ఏండ్ల వయసున్న చాలును. సొంతదారుడు వలదన్నచో నాతని యింటిని చేర్చరు. చేర్చిన తరువాతను, తన సొమ్ముతో తన యింటిని మార్చుకొనుటకు రిజిస్టరు అడ్డురాదు, కూల్చుకొనినను ఆపలేదు. ఇది దాని బలహీనత యని కొందఱందురు. మాకు మాత్రము అదియే దాని బలముగ తోచుచున్నది. గౌరవమే గాని దండన లేని పట్టిక యగుటచేత జనులు తమంతట తామే వచ్చి తమ పాతయింటి పేరు వ్రాయించుకొందురు.

మన దేశపు పద్ధతి వేఱు. కర్జను ప్రభువు కాలమున 1904లో పురాతన కట్టడముల సంరక్షణ చట్టము పుట్టెను. స్వాతంత్ర్యానంతరము 1958లో దానికంటె విపులమైన చట్టమును, మన రాష్ట్రమునకు వేఱుగ 1960లో మఱియొక చట్టమును వచ్చినవి. 1958 చట్టము ప్రకారము కట్టడమునకు 100 ఏండ్లు నిండియుండవలయును. కేంద్ర ప్రభుత్వపు రక్షణలో నున్నవి దేశమంతట 3,600కు పైగా గలవు. 2010లో చేసిన సవరణచే, అట్టి కట్టడమునకు 100 మీటర్ల లోపల క్రొత్త యిల్లు కట్టరాదు. ఆపైన మఱి 200 మీటర్ల వఱకు అనుమతి లేక కట్టరాదు. ఈ కట్టుబాటు లేనిచో ఎన్ని గోపురముల యొడిలో అంగళ్లు వెలసి యుండెడివో! కావున దానిని నిందింపము. అయినను పట్టిక యొక్కటే కాపాడదనుటకు తార్కాణ మున్నది. 2013లో కంప్ట్రోలరు, ఆడిటరు జనరలు వారి నివేదికయందు, పరిశీలించిన 1,655 కట్టడములలో 92 కానరాలేదని వ్రాయబడినది. రక్షితములని పేరువడ్డవే యిట్లు మాయమగుచుండ, పేరే లేనివాని గతి యేమి?

ఇంకొక చిక్కు కలదు. గుడిసె యొకటే ఆస్తిగా గలవాడు తన దొడ్డిలో చెక్కడపు రాయి బయటపడినచో సంతోషించునా? సర్కారు వారు వత్తురు, కొలతలు వేయుదురు, నా కొడుకునకు వేఱింటి గది కట్టనీయరు అని భయపడి, రాతిని తిరుగవేసి గుమ్మము ముందు మెట్టుగ పఱచుకొనును. ఆతని భయము పూర్తిగ నిజము కాకపోవచ్చును. కాని భయము నిజమైనచో నేమి, కల్ల యైనచో నేమి, రాయి మాత్రము మెట్టైపోయినది.

మన జిల్లాలోనే యిట్టి కథ ప్రసిద్ధముగ నొకటి కలదు. 1786 ప్రాంతమున నెల్లూరు సమీపమున దున్నుచున్న రైతు నాగటికి ఇటుకకట్టు తగిలెను. త్రవ్వగా చిన్న గుడి శిథిలమును, దాని క్రింద కుండలో బంగారు నాణెములును దొరకినవి. అవి రోము చక్రవర్తులైన ట్రాజను, హేడ్రియనుల నాటివి. రాణి ఫాస్టీనా పేర నున్నవియు నుండెను. రైతు వానిని పాతబంగారపు ధరకు అమ్మివేసెను. పెక్కు కరగిపోయినవి, ముప్పదికి పైగా మాత్రము నవాబు కుమారుడైన అమీరుల్ ఉమ్రా చేజిక్కినవి. అప్పటికి పదునాఱు వందల యేండ్ల క్రిందట మన తీరమునకును రోమునకును జరిగిన వర్తకమునకు సాక్ష్యము కొలిమిలో బడినది. రైతును తప్పుపట్టుట యెట్లు? ఆతనికి చెప్పినవారెవరు? తరువాత 1878లో నిక్షేపముల చట్టము వచ్చెను. పది రూపాయల విలువ మించిన నిక్షేపము దొరకినచో కలెక్టరునకు తెలుపవలెనని దాని నిబంధన. ఆ పది రూపాయల సంగతి విన్నప్పుడెల్ల మాకు చిఱునవ్వు వచ్చును.

పశ్చిమమున ఉదయగిరి దుర్గమును చూడుడు. గజపతుల చేతనున్న ఆ దుర్గమును శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడించి మఱుసటి యేట గెలిచెను. అచటి బాలకృష్ణ విగ్రహమును కొనిపోయి విజయనగరమున గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠించెను. ఆ గుడి నేడు ప్రపంచ వారసత్వమని పేరుగన్న హంపీలో నున్నది. విగ్రహము చెన్నపట్టణపు మ్యూజియములో నున్నది. గుడిని చూడ దేశదేశముల వారు వత్తురు. విగ్రహము పుట్టిన యుదయగిరి కొండయెక్కిన మన విద్యార్థు లెందఱు?

ఇక మన వాకిటికి వత్తము. బోగోలు తూర్పున జువ్వలదిన్నె వైపు పోవువారందఱు బకింగ్‌హాము కాలువను ఎఱుగుదురు. ఎఱుగుదు రనుటకంటె దాటుదు రనుట మేలు. 1806లో చెన్నపట్టణమునకు ఉత్తరమున కాక్రేన్ దొర త్రవ్వించిన చిన్న కాలువ ఏండ్ల తరబడి పెరిగి, ఉత్తరమున పెదగంజాము నుండి దక్షిణమున మరక్కాణము వఱకు సుమారు 420 కిలోమీటర్లు సాగెను. 1876 మొదలు 1878 వఱకు వచ్చిన ఘోరక్షామమున, పస్తులున్నవారికి కూలి కల్పించుటకై ప్రభుత్వము ఈ పని నెత్తుకొనెను. అప్పటి గవర్నరు బకింగ్‌హాము ప్రభువు పేర దీనిని పిలిచిరి. త్రవ్వినవారి పేరు ఒక్కటియు ఎచటను లేదు. తట్టెడు మట్టికి పిడికెడు గింజలుగ బ్రతికిన తల్లులు, తండ్రులు కట్టిన గట్లవి. ఈ నీటిమీదనే పడవలు బియ్యమును, ఉప్పును, వంటచెఱకును చెన్నపట్టణమునకు చేరవేసినవి. రైళ్లు, లారీలు వచ్చి పడవలను వెనుకకు నెట్టగా, 1965, 1966 సంవత్సరముల తుపానులు కాలువను చెఱచినవి. 2004 డిసెంబరులో సముద్రము పొంగినపుడు ఆ నీటిని కాలువ కొంత తనలోనికి పుచ్చుకొని ఆవలి పల్లెలకు మేలు చేసెనని పరిశీలించినవారు వ్రాసిరి. మాడిసన్ కౌంటీవారికి ఇట్టిది యొకటి యుండినచో ప్రతి లాకునకు నొక పలక నిలిపియుందురు. మనమో, గట్టున చెత్త పోయుచున్నాము.

బిట్రగుంట రైలు కాలనీని గూర్చియు నొక మాట. 1899లో చెన్నపట్టణమునుండి బెజవాడకు ఇనుపదారి పూర్తియైన తరువాత బిట్రగుంట ఆవిరి యింజనుల పెద్ద మజిలీ యాయెను. ఆవిరి పోయెను, లోకోషెడ్డు మూతపడెను. దానిలో పనిచేసినవారు ఇంకను మనలో నున్నారు. వారి నడుగుట నేడు సాధ్యము. ఇరువదియేండ్లకు సాధ్యము కాదు. కొండబిట్రగుంట వేంకటేశ్వరుని కోవెల వంటివానికి భక్తులున్నారు గనుక వానికై మేము వెఱవము. భక్తులు లేని కట్టడములకే మా వెఱపు.

కావున మా సూచన యిది. ప్రభుత్వపు పట్టికకై ఎదురుచూడక, ప్రతి పాఠశాల తన యూళ్ల పట్టికను తానే వ్రాయవలయును. దానికి దండన వలదు, మీటర్ల లెక్క వలదు. నుయ్యి, సత్రము, లాకు, బడి, సమాధి, మసీదు, వంతెన, ఏదైనను సరే. ఎచట నున్నది, పొడవు వెడల్పు లెంత, దేనికి కట్టిరి, ఎవరు కట్టిరని పెద్దలు చెప్పుదురు, ఇప్పుడెట్లున్నది. ఛాయాచిత్రము తీయ నేడు ఫోను లేని యిల్లు అరుదు. చెప్పినవారి మాటను చెప్పినట్లే వ్రాసి, విన్నది వేఱుగ, కన్నది వేఱుగ చూపవలయును. దేవుడు కట్టెనని యవ్వ చెప్పినచో అదియు వ్రాయుడు, నవ్వకుడు.

పెద్ద తరగతులవారికి మఱియొక పని కలదు. బట్టర్‌వర్తు దొరవారును వి. వేణుగోపాలచెట్టిగారును 1905లో మన జిల్లా శాసనములను తాలూకాల వారిగ మూడు సంపుటములలో ప్రకటించిరి. అందు కావలి తాలూకా భాగము తీసికొని, అప్పుడున్నవని వ్రాసిన రాళ్లలో నేడెన్ని నిలిచియున్నవో ఊరూర తిరిగి చూడవచ్చును. ఉపాధ్యాయుడు ఒకరు వెంటనుండవలయును. రాతిమీద సుద్ద రుద్దరాదు, సున్నము గీయరాదు. ఎవరి దొడ్డిలోనికైనను అడిగియే పోవలయును, ఇంటివారు వలదన్నచో మరలి రావలయును.

ఇట్లు సిద్ధమైన పుస్తకము నొక ప్రతి పాఠశాల గ్రంథాలయమునను, ఒక ప్రతి పంచాయతీ ఆఫీసునను ఉంచినచో, రేపు రోడ్డు వెడల్పు చేయవచ్చిన కంట్రాక్టరు ఎదుట చూపుటకు ఊరివారి చేత నొక కాగితముండును. మొదటి పుటలను కాలువకు విడువుమని మా మనవి. పడవ నెక్కి ఉప్పు, ధాన్యము తెచ్చిన ముసలివారు పల్లెపల్లెకు ఒకరిద్దఱుకంటె మిగులలేదు. ఈ సెలవులలోనే వారి యిండ్లకు పోవలయును.