పరిరక్షకు లెవ్వరు?

అమెరికా సంయుక్తరాష్ట్రములందు తన్ను తాను కన్సర్వేటివునని చెప్పుకొను సామాన్యగృహస్థుని మత మెట్టిదో తెలియగోరువారు గ్రంథములు తిరుగవేయ బనిలేదు. ప్రభుత్వ మెంత చిన్నదైన నంత మేలు. పన్ను లన్నియు దోపిడులే. పత్రికలును టెలివిజనులును బొంకుల పుట్టలు. పరదేశమునుండి వచ్చువాడు మన పని దోచుకొనువాడు. ఇల్లు, చర్చి, తుపాకి యనునవి తన సొంతములు, వానిజోలికి సర్కారు రాగూడదు. ఉదయమున కాఫీ త్రాగుచును, ఆదివారమున పెరటి గడ్డి కత్తిరించుచును అతడు పలుకు పలుకు లివి. అతని దేశచరిత్రనుబట్టి చూడగా వీనిలో గొన్నిటి కర్థ మున్నది, కొన్నిటికి లేదు. అది అతడును అతని పొరుగువాడును తేల్చుకొనవలసిన వ్యవహారము. మాకు చింత గలిగించునది వేరు. ఆ పలుకులే నేడు సముద్రములు దాటి, చేతిఫోనుల ద్వారమునను, డాలసునుండియు న్యూజెర్సీనుండియు సెలవులకు వచ్చు బంధువుల ద్వారమునను, కంచిలిలోనున్న సోంపేట రైలుస్టేషనున దిగుమతి యగుచున్నవి. మన విద్యావంతులలో ననేకులు వానిని పరీక్షింపకయే అప్పగించుచున్నారు.

ప్రభుత్వమును గూర్చిన మాట మొదట చూతము. "సర్కారు ఊరక యిచ్చుటచేతనే జనులు సోమరులగుచున్నారు, ఎవరి కాళ్లమీద వారు నిలువవలెను" అని కోర్టు వరండాలలోను మందుల దుకాణముల అరుగులమీదను వినబడుచున్నది. ఈ పాఠము నేర్పిన గురువు సంగతి విచారింపుడు. అమెరికా మధ్యరాష్ట్రముల రైతు పూర్వుడు 1862 నాటి హోంస్టెడ్ చట్టముచేత సర్కారునుండి 160 ఎకరముల నేల పొందెను. (ఆ నేల అంతకు ముందెవ్వరిదో ఆదిమవాసుల నడుగవలెను.) ఆ పొలమునకు దీపము 1936 నాటి గ్రామవిద్యుదీకరణ చట్టమువలన వచ్చెను. వార్ధక్యమున చేతికందు భృతి 1935 నాటి శాసనము. వైద్యము 1965 నాటి మెడికేరు. 1981 జనవరిలో రేగను అధ్యక్షపీఠ మెక్కి ప్రభుత్వమే రోగమని చాటిన తరువాతనైనను, ఆ భృతిని వలదని మరల పంపివేసిన కన్సర్వేటివు వృద్ధుని కథ మే మెచ్చటను చదివియుండలేదు.

ఇక ఉద్దానమును చూడుడు. 1990 తరువాతి సంవత్సరములనుండి కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురము, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలముల కొబ్బరితోటల నీడలలో మూత్రపిండముల వ్యాధి ఇల్లిల్లు చొచ్చినది. చక్కెరవ్యాధి యెరుగని మనుష్యుడు, దినమెల్ల తోటలో వంగి పనిచేసినవాడు, ఒకనాడు కాళ్లు వాచి ఆసుపత్రికి బోవును. క్రియాటినిను పెరిగినదని చెప్పి పంపుదురు. మూలకారణ మిదియని శాస్త్రజ్ఞు లేకకంఠముగ నేటికిని నిర్ణయింపలేదు. అటుపిమ్మట వారమునకు రెండు మూడుమారులు డయాలిసిసు, కూలి పోయిన దినములు, బండి కిరాయి, తోటమీద అప్పు. ఇట్టివానికి "నీ కాళ్లమీద నీవు నిలువు" మని బోధించుటకు ఏ నోరు వచ్చును? హిరమండలము జలాశయమునుండి ఉద్దానమునకు వంశధార నీటిగొట్టము వేయుట ఒక కుటుంబమునకు శక్యమా? ఒక పంచాయతీకి శక్యమా? 700 కోట్ల రూపాయల ఆ నీటిపథకమునకును, పలాసలోని 200 పడకల ఆసుపత్రికిని 2023 డిసెంబరు 14వ తేదీన ప్రారంభోత్సవములు జరిగినవి. వ్యాధి తలయెత్తిన నాటికిని ఆ దినమునకును నడుమ ఒక తర మంతయు గడచినది. ఇచ్చట ప్రభుత్వము మితిమీరినదని చెప్పువాడు ఆ యేండ్లలో ఉద్దానమునకు వచ్చినవాడు కాడు. మొఱపెట్టినను రాని ప్రభుత్వము మన వ్యాధి.

అయితే పిలువకయే వచ్చిన ప్రభుత్వ మొకటి యున్నది. ఆ కథ చెప్పినగాని వాదము పూర్తి కాదు.

సోంపేటకును బారువకును నడుమనున్న పల్లపు నేలను బీల యందురు. వానకు నీరు నిలుచును. ఎత్తిపోతలచే చుట్టుప్రక్కల వరి పండును; చేపలు దొరకును; మందలు మేయును. దానిమీద బ్రదుకు ఊళ్లు పెక్కు. 2008లో ప్రభుత్వము జీ.వో. 1107 వలన అందు సుమారు 970 ఎకరములను థర్మల్ విద్యుత్కేంద్రము కొరకు ఒక ప్రైవేటు కంపెనీకి ఒసగెను. దస్తరములలో అది వ్యర్థభూమి! రైతులును మత్స్యకారులును 'పర్యావరణ పరిరక్షణ సంఘము' పేరిట నేకమై, 2009 తుదినుండి సోంపేటలో రిలే నిరాహారదీక్షలు సాగించిరి. 2010 జూలై 14వ తేదీన కంపెనీమనుష్యులు పోలీసుల రక్షణలో బీలలో దిగిరి. ప్రజ లడ్డుపడిరి. తుపాకులు పేలినవి, ప్రాణములు పోయినవి. ఆ దినముననే ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేటు అథారిటీవారు ఆ కేంద్రమున కీయబడిన పర్యావరణానుమతిని రద్దుచేసిరి. తీర్పునకై ఒక్క పూట యోర్చుకొనియున్న చనిపోయినవారు బ్రదికియుందురు. మరుసటి యేడు ఫిబ్రవరి 28వ తేదీన కాకరాపల్లి తంపరభూముల కొరకు ఇట్టి ఘోరమే మరల జరిగెను.

ఇప్పుడు మన దిగుమతి కన్సర్వేటివుల నొక్క ప్రశ్న యడుగుచున్నాము. ఎడ్మండ్ బర్కు మీ మతమునకు మూలపురుషుడని మీ గురువులు చెప్పుదురు. ఆయన వాదములలో ముఖ్యమైనది చిరానుభవమువలన హక్కు పుట్టునని. తరతరములుగ జనులు అనుభవించుచు వచ్చినదానిని, నిన్న పుట్టిన పథకము పేరుచెప్పి పెరికివేయుట ప్రభువునకైనను తగదని ఆయన మతము. ఆ బర్కే 1788 మొదలు 1795 వరకు పార్లమెంటులో నడచిన విచారణయందు, మన దేశపు పూర్వమర్యాదలను మట్టిగలిపినాడని వారన్ హేస్టింగ్సుమీద అభియోగము నడపినవాడు. బర్కు శిష్యులమను మీరు 2010లో బీల గట్టున నెన్నడైన నిలిచితిరా?

బర్కు ప్రాచీను డందురేమో. 2005 జూను 23వ తేదీన అమెరికా సుప్రీంకోర్టు చేసిన కీలో తీర్పు న్యాయవాదవృత్తియందున్న మా బోంట్లకు తెలిసినదే. కనెక్టికట్ రాష్ట్రమున న్యూలండను నగరపాలకులు, ఊరి అభివృద్ధి యను పేరిట, ఒక స్త్రీ కాపురముండు చిన్న యిల్లును ఆమె పొరుగిండ్లనుగూడ స్వాధీనపరచుకొని ప్రైవేటు నిర్మాణములకు ఈయ బూనిరి. న్యాయాధిపతు లయిదుగురు నగరము పక్షమునను నలుగురు ఆమె పక్షమునను తీర్పు చెప్పిరి. ఆ దినమున అమెరికా కన్సర్వేటివు భగ్గుమనెను. ఇది పేదయింటిని లాగి గొప్పవాని చేతిలో పెట్టుటయే యని కేకవేసెను. అతని కేకకు వెరచి నలుబదికి మించిన రాష్ట్రములు తమ చట్టములను సవరించుకొన్నవి. ఆ యిండ్లు పడగొట్టిన స్థలము ఏండ్ల తరబడి బయలుగ నుండెను. ఆ సందర్భమున అమెరికా గృహస్థుడు చూపిన పౌరుషమునకు మేము చేయెత్తి నమస్కరింతుము. విచిత్ర మేమన, పన్నులను గూర్చిన అతని గొణుగుడు మన యూరికి దిగుమతి యయ్యెను గాని ఈ పౌరుషము కాలేదు. "విద్యుత్తు వలదా? అభివృద్ధి వలదా?" అని ఉద్యమకారులను దబాయించినవారిలో నేటి స్వేచ్ఛావాదులు కొందరున్నారు. ఆమెకు పట్టా యున్నది, బీల సర్కారు పోరంబోకు గదా యని ఒక ఆక్షేపణ. పట్టాకు పూర్వమే అనుభవ మున్నది. బర్కు వాదమంతయు దానిమీదనే నిలిచియున్నది. 1882 నాటి మన ఈజుమెంట్ల చట్టమును ఆచారమువలన బుట్టు హక్కులను అంగీకరించినదే. దస్తరమున వ్యర్థమని వ్రాసిన గుమాస్తా ఆ బీల నీటిలో నెన్నడును కాలిడి యుండడు.

ఈ హక్కు మన సీమకు క్రొత్త గాదు. 1940 మార్చిలో పలాసలో అఖిలభారత కిసాను మహాసభ జరిగినది. కొలది దినములకే, ఏప్రిలు 1వ తేదీన, మందస జమీందారీలో అడవికట్టెను గూర్చిన తగవున తన యూరివారిని పోలీసులు పట్టుకొనిపోవుచుండగా సాసుమాన గున్నమ్మ, నిండుచూలాలు, బండి కడ్డముపడి తూటాకు బలియయ్యెను. కట్టె కొట్టుకొనుట తాతలనాటి వాడుక. దానిని నేరముగ జేసినది జమీందారు. అప్పుడు పరిరక్షకు లెవ్వరు? రెండువైపుల నెవ్వరెవ్వ రుండిరో చూచుకొన్నవారికి 2010 సంగతి వేరుగ బోధింప నక్కరలేదు.

పత్రికల విషయమున కొంత ఒప్పుకొందుము. పత్రికలు అబద్ధము లాడుచున్నవని అమెరికా గృహస్థు డనుటకు కారణములు లేకపోలేదు. అతని చిన్ననాట రేడియోలు ఉభయపక్షముల వాదములను వినిపింపవలెనను నిబంధన యుండెను. 1987లో దానిని తీసివేసిరి. 1988లో రష్ లింబా దేశమంతట రేడియోలో గొంతెత్తెను. 1996లో ఫాక్స్ వార్తాసంస్థ పుట్టెను. అంతట గృహస్థుడు పాత పత్రికను విడిచి తనకు నచ్చిన మాటలనే పగలు రేయి విననారంభించెను. ఆ ఫాక్స్ సంస్థయే 2020 ఎన్నికల యంత్రములనుగూర్చి ప్రసారము చేసిన అసత్యములపై నడచిన దావాలో 2023 ఏప్రిలున 78.75 కోట్ల డాలర్లు చెల్లించి రాజీపడవలసివచ్చెను. అనగా అబద్ధమునకు విసిగి పారిపోయినవాడు మరియొక అబద్ధపు గుమ్మమున దిగినాడు. మనవారు ఆ గృహస్థుని కంటె మెరుగా? ఒక్కొక్క పార్టీ కొక్కొక్క పత్రికయు, ఒక్కొక్క చానెలును. ఎవని కాఫీతో వాని పత్రిక. పత్రిక లన్నియు బొంకులే యను మాట వినుటకు తెలివిగ నుండును గాని, దాని నత్యధికముగ ప్రేమించినవారు పాలకులు. 1908లో బెజవాడ 'స్వరాజ్య'లో వ్రాతకుగాను గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని చెఱకు పంపినవారికిని ఆ పత్రిక అబద్ధముల పుట్టయే. బీల వ్యర్థభూమి కాదని లోకమునకు చెప్పినవారిలో, జిల్లాలో చిన్న జీతములకు వార్తలు పంపు విలేఖరులు నున్నారు. ఫోనున వచ్చిన వదంతిని చదివి, వారిని దొంగలనుట ఏ ధర్మము?

మిగిలినది పరదేశీయుల మాట. తన సరిహద్దును కాచుకొనుటకు అమెరికా పౌరునకు హక్కు గలదు, కాదనము. కాని "వారు మన పని దోచుకొందురు" అను పలుకు కంచిలి నోట రాగా విని మేము నివ్వెరపోయితిమి. ఇటుకబట్టీలకు వచ్చు ఒడిషా కూలీలను గూర్చియట! 1936 ఏప్రిలు 1వ తేదీవరకు వారిలో ననేకుల తాతలును మన తాతలును ఒక్క గంజాం జిల్లావారే. బారువ, కళింగపట్నము రేవులలో ఓడ లెక్కి రంగూను పోయిన మనవారిని అచ్చట కోరంగివారనిరి. 1930 మే నెలలో, సమ్మెచేసి మరల పనిలో చేరిన తెలుగు ఓడకూలీలమీద రంగూను వీధులలో కత్తులు లేచినవి. వినబడిన మాట ఇదియే, మా పని దోచుకొన్నారని. 1923లో అమెరికా సుప్రీంకోర్టు, ఆ దేశపు సైన్యమున కొలువుచేసిన భగత్‌సింగ్ థిండును తెల్లవాడు కాడని పౌరసత్వమునకు అనర్హునిగ జేసెను. 1946 చట్టము ఏటికి నూర్గురు భారతీయులకు తలుపు తెరచెను. 1965 చట్టమువలననే మన ఇంజనీర్లు, డాక్టర్లు గుంపులుగ బోగలిగిరి. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రమున ఒలేతా పట్టణమందు నా దేశము విడిచి పొమ్మని అరచి ఒక తెలుగు ఇంజనీరును కాల్చిచంపినవాడు, ఆ ఇంజనీరు పన్ను కట్టుచున్నాడా, ఇల్లు కొన్నాడా యని విచారింపలేదు. 2025 సెప్టెంబరులో క్రొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుమని అధ్యక్షుడు ట్రంపు ప్రకటించిననాడు, మనలో ఆయనను వేనోళ్ల పొగడిన ఇండ్లలోనే ఆ రాత్రి దీపములు ఆరలేదు.

సంక్రాంతికి అమెరికా బంధువులు వత్తురు. వారిని కంచిలి స్టేషనునుండి నేరుగ విందులకు గొనిపోకుడు. సోంపేటమీదుగ బారువ దారిలో బీల యొద్ద బండి నిలుపుడు. అచ్చట పశువుల గాయు ముసలివాని నెవ్వనినైన పిలిచి, 2010 జూలైనాటి సంగతి అతనినోట విననిండు. కీలో తీర్పు తెలిసిన బంధువైనచో వెంటనే గ్రహించును.